పిచ్చుక పంపిన గోడలు

ఆసుపత్రిలో, మనసు బాగోలేని పిల్లల వార్డు తలుపు దగ్గర నర్సు చెయ్యి చాపి, "ఫోన్ లోపలికి రాకూడదమ్మా, ఇలా ఇచ్చెయ్" అంది. పదహారేళ్ళ అమ్ములు ఆ ఫోన్ నర్సుకివ్వకుండా వాళ్ళమ్మ చేతిలో పెట్టింది. అంతకు కొద్దిరోజుల ముందే ఆ పిల్ల ప్రాణం తీసుకోబోయింది. ఎలాగన్నది మనకెందుకు, దక్కింది, అది చాలు. పోనీ దక్కిన పిల్ల అమ్మని పట్టుకుని బావురుమందా అంటే లేదు. నాన్న మొహం చూసిందా అంటే అదీ లేదు. అన్నాళ్ళ మౌనం తర్వాత నోరు విప్పి అన్నది ఒకే ఒక్క మాట.

"అమ్మా, పిచ్చుకతో స్ట్రీక్ పోనివ్వకు."

వాళ్ళమ్మకి ఒళ్ళు మండిపోయింది. మండదా మరి! కన్నవాళ్ళు తిండీ నిద్రా మానేసి వరండాలో పడి ఉంటే, ఈవిడగారికి ఫోన్లో నిప్పు బొమ్మ మీద బెంగ. అయినా బిడ్డ కోరింది అదొక్కటే. కాదంటే మళ్ళీ ఎక్కడ నోరు మూసుకుంటుందోనని, "సరేనమ్మా, నేను చూసుకుంటాగా" అంది. అమ్ములు ఆమె చెవిలో పాస్‌వర్డ్ చెప్పి, వెనక్కి తిరిగి చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది.

స్ట్రీక్ అంటే ఏమిటో తెలియని అదృష్టవంతులు ఇంకా ఎవరైనా మిగిలి ఉంటే వాళ్ళకోసం చెప్పాలి. ఈ పిల్లలు వాడే యాప్ ఒకటుంది. అందులో ఇద్దరు స్నేహితులు రోజూ ఒక్క ఫోటో అయినా ఒకరికొకరు పంపుకోవాలి. పంపుకున్నన్నాళ్ళూ వాళ్ళ పేరు పక్కన ఒక నిప్పు బొమ్మా, ఒక అంకే ఉంటాయి. అంకె రోజుకొకటి పెరుగుతుంది. ఇద్దర్లో ఎవరు ఒక్కరోజు మర్చిపోయినా నిప్పు ఆరిపోతుంది, అంతా మళ్ళీ మొదటికొస్తుంది. ఫోటోలో ఏముందన్నది ఎవరిక్కావాలి? నేల పంపినా చాలు, చెప్పుల జత పంపినా చాలు. రాసిన మాటలు మాత్రం చదవగానే మాయమైపోతాయి. పరీక్షలకో జ్వరానికో ఫోన్‌కి దూరమయ్యే పిల్లలు పాస్‌వర్డ్ ఇంకొకరికిచ్చి, నా బదులు నువ్వు పంపుతూ ఉండు అని అప్పజెప్పి పోతారు, పెద్దవాళ్ళు ఊరెళుతూ పక్కింట్లో తాళాలిచ్చినట్టు. వాళ్ళ లోకంలో అదొక మర్యాద.

ఇంటికి రాగానే అమ్ములు వాళ్ళ నాన్న, "ఏదీ ఆ దరిద్రపు ఫోను? సుత్తి పెట్టి కొడితేగానీ ఈ ఇంటికి పట్టిన పీడ వదలదు" అని గుడ్లురిమాడు. బస్సు డిపోలో టైర్లు మార్చే మనిషి, అన్నంత పనీ చేయగలడు. "ఆసుపత్రివాళ్ళే తీసేసుకున్నారు" అని అమ్ములు వాళ్ళమ్మ బొంకి, ఫోన్‌ని మర్నాడు క్యారేజీ సంచిలో పెట్టుకుని పనికి తీసుకుపోయింది.

ఆమె పని కళ్ళద్దాల షాపులో. ముందు గదిలో ఓనరు గిరాకీ చూసుకుంటాడు. వెనక ఇరుకు గదిలో ఈమె మిషన్ మీద అద్దాల అంచులు అరగదీసి, ఫ్రేముల్లో బిగించి, ముక్కు మీద ఆనే మెత్తలు సరిచేసి ఇస్తుంది. ఒకప్పుడు చిన్నపిల్లల ఫ్రేము ఎప్పుడో గానీ వచ్చేది కాదు, ఇప్పుడు ట్రేల నిండా అవే. "ఈ ఫోన్లు కనిపెట్టినవాడు చల్లగా ఉండాలి, మన పొయ్యి వెలుగుతున్నది వాడి చలవే" అని ఓనరు రోజూ వేసే జోకు. ఇదివరకు ఆమే ముందు నవ్వేది. ఇప్పుడు వినబడనట్టు మిషన్ ఆన్ చేసుకుంటోంది.

ఆ పూట అద్దాల ట్రేని ఫోటో తీసి పిచ్చుకకి పంపింది. పిచ్చుక అసలు పేరేమిటో ఆమెకి తెలియదు. బొమ్మలు గీసే పిల్లల గుంపులో అమ్ములుకి దొరికిన స్నేహితురాలు, ఎక్కడో వేరే ఊళ్ళో ఉంటుంది, ఒక్కసారి కూడా ఎదురుపడి కలుసుకోలేదు. కానీ స్కూల్లో ఎవరో అమ్ములు ఫోటోలకి పంది మూతి తగిలించి ఒక పేజీ పెడితే, క్లాసు క్లాసంతా ఎగబడి లైకులు కొట్టి పకపకా నవ్వితే, దానికి తోడు నిలబడింది ఈ ఊరూ పేరూ తెలియని పిల్ల ఒక్కతే. ఈ సంగతంతా కన్నతల్లికి తెలిసింది ఎవరి వల్ల? ఆసుపత్రి కౌన్సెలర్ వల్ల. ఆ మాట తలుచుకుంటే ఆమెకి ఇప్పటికీ తల కొట్టేసినట్టుంటుంది.

కాసేపటికి పిచ్చుక నుంచి ఫోటో వచ్చింది. తీరా చూస్తే గోడ. పసుపచ్చ సున్నం, మూల పెచ్చులూడి ఒక స్విచ్ బోర్డు. మర్నాడూ గోడే. ఆ మర్నాడూ గోడే. "ఓసి మీ స్నేహం తగలెయ్య, దీనికోసమటే నువ్వు ప్రాణాలు పెట్టుకున్నావ్!" అనుకుని, తనూ ఓసారి మిషన్‌నీ, ఓసారి పైకప్పునీ పంపింది.

సాయంత్రాలు వార్డులో ఒక అరగంట చూడనిచ్చేవాళ్ళు. అమ్ములు మంచం మీద ముడుచుకుని కూర్చుని ఉండేది. పళ్ళెంలో పెట్టిన తిండి పెట్టినట్టే ఉండేది.

"పిచ్చుక పంపిందా?"

"పంపింది."

"ఏం పంపింది?"

"గోడ."

"ఏమీ రాయలేదా?"

ఆ పిల్ల గొంతు అడుగంటిపోయినట్టు వినబడింది.  తల్లి నోటికొచ్చింది అనేసింది, "ఎందుకు రాయలేదూ! ఎలా ఉన్నావే, నీ గోల లేక పిచ్చెక్కుతోంది అని రాసింది."

అమ్ములు తలెత్తి చూసింది. ఎన్నాళ్ళకో ఆ కళ్ళలో కాస్త జీవం కనబడింది. "నిజంగా? చాలా రోజుల్నించి ఏం రాయట్లేదు, ఉత్త గోడలే పంపుతోంది, తెలుసా" అని పళ్ళెం దగ్గరికి లాక్కుని సగం తిన్నది. ఇక ఆ తల్లిని ఎవరు ఆపగలరు! ఆ రోజు నుంచి పిచ్చుక తెగ రాసెయ్యడం మొదలుపెట్టింది. పిచ్చుకకి పరీక్షలట. పిచ్చుక ఇంటి మెట్ల కింద కుక్క నాలుగు పిల్లల్ని పెట్టిందట. వాటిలో ఒకదానికి అమ్ములు పేరే పెట్టిందట. అబద్ధానికో ముద్ద చొప్పున పిల్ల తింటోంది, నిద్రపోతోంది. బొమ్మలు గీస్తాను, కాగితాలు తెచ్చిపెట్టమని కూడా అడిగింది.

కానీ అబద్ధాలు అల్లడం ఆమెకి అలవాటు లేని పని. కుక్కపిల్లల తర్వాత ఏం చెప్పాలో తోచలేదు. ఒకరోజు భోజనాల వేళ షాపులో కూర్చుని, ఆ పిచ్చుక చేత నిజంగానే నాలుగు ముక్కలు రాయిస్తే పోలేదా అనుకుంది. అమ్ములు రాసినట్టే ఉండాలని, "తిన్నావా?" అని రాసి పంపింది. ఆ వయసు పిల్లలు మాటల్ని ముక్కలు చేసి సగం అక్షరాలు మింగేసి రాసుకుంటారనీ, తిన్నావా అని చచ్చినా అడగరనీ ఆమెకి తట్టలేదు.

జవాబు వెంటనే వచ్చింది. "తిన్నాను తల్లీ. నువ్వు తిన్నావా? వేళకి తిను."

ఆమె చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. తల్లీ ఏమిటి, వేళకి తినమనడమేమిటి? ఏ ఆడపిల్ల స్నేహితురాలితో ఇలా మాట్లాడుతుంది? చెయ్యి తుడుచుకుని, "మీరెవరండీ?" అని రాసింది.

చాలాసేపటికి జవాబొచ్చింది. "ముందు మీరు చెప్పండి. అమ్ములు అండీ అని రాయదు."

"అమ్ములు వాళ్ళ అమ్మని."

"నేను పిచ్చుక వాళ్ళ అమ్మని."

ఆమెకి పక్కుమని నవ్వొచ్చింది. ఇద్దరు పెద్ద ఆడవాళ్ళు, బుద్ధీ జ్ఞానం ఉన్నవాళ్ళు, పనులు మానుకుని ఒకళ్ళకొకళ్ళు గోడలూ పైకప్పులూ పంపుకుంటున్నారా ఇన్నాళ్ళూ! ఆ నవ్వుతోనే అదే యాప్‌లో ఫోన్ కలిపింది. "ఏమండీ, మీ అమ్మాయికి పరీక్షలా?"

అవతల గొంతు నెమ్మదిగా ఉంది. "లేదండీ. అసలు మా అమ్మాయే లేదు. కిడ్నీలు పాడయ్యాయి. నాలుగు నెలలయింది పోయి."

ముందు గదిలో ఓనరు ఎవరితోనో బేరమాడుతున్నాడు. ఆమెకి ఆ మాటలూ వినబడుతున్నాయి, ఈ మాటలూ వినబడుతున్నాయి. రెండింటిలో ఏదీ బుర్రకెక్కడం లేదు.

"ఆసుపత్రిలో చేరేటప్పుడు ఫోన్ నా చేతికిచ్చింది. అమ్ములుతో స్ట్రీక్ పోనివ్వకమ్మా, నా జబ్బు సంగతి దానికి చెప్పకు, బెంగపెట్టుకుంటుంది అంది. అది నాకు అప్పజెప్పిన ఆఖరి పని అదేనండీ. రోజూ పంపుతూనే ఉన్నాను."

"మరి మా పిల్ల రాసేది కదమ్మా మీకు? దానికెందుకు జవాబివ్వలేదు?"

"రాసేది. చాలా రాసేది. ఏమని ఇవ్వను చెప్పండి? రాస్తే నేనని తెలిసిపోదూ, ఇవాళ మీకు తెలిసిపోలేదూ? తెలిస్తే ఆపేస్తుంది."

ఏం రాసేదని అడగబోయి ఆగిపోయింది ఆమె. అడిగితే వినాల్సి వస్తుంది. ఆ వినడానికి ధైర్యం చాల్లేదు.

"మీ కాళ్ళు పట్టుకుంటా, ఆపొద్దండీ. మీ అమ్మాయి మళ్ళీ ఫోన్ తీసుకున్నాక కూడా ఆపనివ్వొద్దు. మా పిల్ల పేరు మీద ఇంకా పెరుగుతున్నది ఆ అంకె ఒక్కటే" అంది అవతలావిడ. ఏడవకుండానే అంది. ఆ మాటకి ఎవరు మాత్రం కాదనగలరు? సరేనంది ఈమె. అక్కడ ఒక ఆశ, ఇక్కడ ఒక ఆశ, రెంటికీ సరే.

ఆ సాయంత్రం వార్డుకి వెళ్ళి నేరుగా కౌన్సెలర్ గదిలో కూలబడింది. కౌన్సెలర్ చిన్న వయసు మనిషి, కానీ తొందరపడి మాట్లాడదు. అంతా విని, "అమ్మా, ఇది ఇక్కడుండగానే చెప్పెయ్యాలి" అంది. "ఏడుస్తుంది, ఏడవనివ్వండి. మీ మీద కోప్పడుతుంది, పడనివ్వండి. ఇక్కడైతే నర్సులున్నారు, నేనున్నాను. ఇంటికెళ్ళాక తనంతట తను తెలుసుకుందనుకోండి, అప్పుడు మీరొక్కరే ఉంటారు."

నిజమే. ఆమెకీ నిజమేననిపించింది. చెప్పెయ్యాలనే నిశ్చయించుకుని మంచం దగ్గరికి వెళ్ళింది. వెళ్ళేసరికి అమ్ములు ఎదురొచ్చింది. అవును, మంచం దిగి, జుట్టు దువ్వుకుని, తనే ఎదురొచ్చింది. చేతిలో కాగితం, కాగితం మీద నాలుగు కుక్కపిల్లలు. "దీన్ని ఫోటో తీసి పిచ్చుకకి పంపవే అమ్మా. నా పేరు పెట్టింది ఏదో చెప్పమను. ఇది కదూ? చూడు, మూతి నాలాగే లేదూ?" అని నవ్వింది. పంది మూతి తగిలించి ఊరంతా వెక్కిరించిన పిల్ల, తన మూతి మీద తనే జోకేసుకుని నవ్వింది.

చెప్పండి, ఏ తల్లి నోరు పెగులుతుంది? "అదేనట. చెవి మీద మచ్చ ఉన్నదేనట" అంది ఆమె.

గుమ్మం దగ్గర కౌన్సెలర్ అడిగింది, "చెప్పారా?"

"ఆఁ, చెప్పానండీ. కాసేపు ఏడ్చి ఊరుకుంది. మళ్ళీ మీరు కదపకండి, పాపం."

ఎంత తేలిగ్గా వచ్చేసిందో ఆ మాట! ఆమెకే ఆశ్చర్యమేసింది. కౌన్సెలర్ నమ్మింది. కన్నతల్లి చెబితే ఎందుకు నమ్మదు? ఆ మాట మీదే, ఇంత పెద్ద దెబ్బని పిల్ల తట్టుకుందన్న ధీమా మీదే, మరో వారానికి ఇంటికి పంపించారు.

ఇంటికొచ్చింది మధ్యాహ్నం వేళ. నాన్న డిపోలో ఉన్నాడు. ఆమె ముందే పిచ్చుక వాళ్ళమ్మకి చెప్పి ఉంచింది, "ఇవాళ్టినుంచి పంపేది మా పిల్లే. మీరు మాత్రం ఎప్పట్లా గోడ పంపుతూ ఉండండి, ఇంకేమీ వద్దు" అని. అంతా కట్టుదిట్టంగా అమర్చినట్టే అనుకుంది. నాలుగు రోజులు పోనిచ్చి, పిల్ల ఇంకాస్త గట్టిపడ్డాక నెమ్మదిగా చెప్పొచ్చు. పదిరోజులు పోనిచ్చి చెప్పొచ్చు. అలా ఆమె లెక్కలు ఆమెవి.

ఫోన్ చేతికివ్వగానే అమ్ములు కిటికీ దగ్గరికి పరుగెత్తింది. వెలుగు మొహమ్మీద పడేలా నిలబడి, జుట్టు సరిచేసుకుని, పళ్ళన్నీ కనబడేలా నవ్వి తన ఫోటో తీసుకుని పంపింది. తల్లి వంటింట్లో గిన్నెలు సర్దుతోంది. తన బిడ్డ గోడ కాకుండా మొహం పంపుతుందని ఆమె ఊహకే అందలేదు. అన్ని వారాల గోడలతో ఆమెకీ అదే అలవాటైపోయింది మరి.

"అమ్మా!" అంటూ కంగారుగా వచ్చింది అమ్ములు. "పిచ్చుకేంటి ఇలా రాసింది?"

తెర మీద ఉంది: "నీ మొహం పంపకమ్మా. నేను చూడలేను. గోడే పంపు."

గిన్నె చేతిలోంచి జారి గట్టు మీద పడింది.

"నా మీద కోపమా దానికి? ఇన్నాళ్ళూ బాగానే రాసింది కదా? కుక్కపిల్లకి నా పేరు పెట్టింది కదా? అమ్మా, మాట్లాడు."

ఆమె అక్కడే నేలమీద కూర్చుండిపోయింది. ఇక లాభం లేదు. చెప్పేసింది. పిచ్చుక జబ్బు, పిచ్చుక చావు, వాళ్ళమ్మ, గోడలు, ట్రేలు, పరీక్షలు, కుక్కపిల్లలు, అన్నీ కుండ బద్దలుకొట్టినట్టు ఒక్కసారే చెప్పేసింది. చెబుతున్నంతసేపూ పిల్ల ఏడుస్తుందేమోనని చూసింది. ఏడిస్తే బాగుండునని చూసింది. అమ్ములు ఏడవలేదు.

"అయితే అది నన్ను వదిలెయ్యలేదు."

"లేదమ్మా. నీ గురించే చెప్పి పోయిందట."

"చచ్చిపోయింది."

"అవును నాన్నా."

 ఏదో కూడబలుక్కుంటున్నట్టు అమ్ములు పెదవులు కదిలాయి. "అమ్మా, ఆ రోజు స్కూల్లోంచి వచ్చేశాను కదా. వచ్చి దానికి రాశాను. ఇక నావల్ల కాదే, నేను పోతున్నా, ఒక్కసారి మాట్లాడవే అని రాశాను. తెరిచి చదివినట్టు చూపించింది. కళ్ళార్పకుండా చూస్తూ కూర్చున్నా. కాసేపటికి గోడొచ్చింది."

తల్లి రెండు చేతులతో నోరు మూసుకుంది.

"దానిక్కూడా అక్కర్లేదనుకున్నా. అందుకే" అని ఆగింది అమ్ములు. తర్వాత మళ్ళీ అడిగింది, "ఆవిడే కదా చదివింది?"

"ఆవిడే."

"నీకు తెలుసా?"

ఏం చెబుతుంది? ఆ మాటలు తెలియవు. ఆవిడ చదివేదనీ, చదివి ఊరుకునేదనీ తెలుసు. తెలిసీ రోజూ ఆవిడకి ఫోటోలు పంపింది, ఆవిడ పంపిన గోడల్ని తెచ్చి బిడ్డకి మందులా పట్టించింది. అవతలావిడ మీద పట్టరాని కోపమొచ్చింది. లేచి ఆ ఫోన్లో ఆవిణ్ణి నానా మాటలూ తిట్టాలనిపించింది. కానీ తిట్టడానికి ఏ మాట తీసుకున్నా అది ముందు తనకే తగులుతోంది. ఇద్దరు తల్లులు, ఇద్దరూ పిల్లల మీద ప్రాణం పెట్టుకున్నవాళ్ళే. ఇద్దరూ కలిసి ఒక పిల్లతో ఒక్క నిజమూ మాట్లాడలేదు.

"అక్కడే చెప్పి ఉంటే అక్కడే ఏడ్చేసేదాన్ని కదమ్మా" అంది అమ్ములు. కోపంగా కూడా అనలేదు.

నేలమీద తల్లి పక్కనే కూర్చుని, ఫోన్ ఒళ్ళో పెట్టుకుని రాయడం మొదలుపెట్టింది. ఎప్పటిలా అక్షరాలు మింగకుండా, పెద్దవాళ్ళకి రాస్తున్నట్టు పూర్తిగా, జాగ్రత్తగా రాసింది. తల్లి పక్కనుంచి చూసింది.

"ఆంటీ, నేను బతికే ఉన్నాను. సారీ."

తల్లి గబుక్కున చెయ్యి పట్టుకునేలోపే అది వెళ్ళిపోయింది. "సారీ ఎందుకే నువ్వు చెప్పడం? నువ్వేం చేశావే తల్లీ?" అని ఆమె గొల్లుమంది.

అమ్ములు ఆమె వైపు తిరిగి, ఆ మాత్రం తెలియదా అన్నట్టు చూసింది.

"ఇంతవరకూ ఎవరూ సారీ చెప్పలేదు కదమ్మా" అంది.